పేరు కొట్టుకపోయిన ట్రే

కిస్మత్‌పూర్ రోడ్డు పక్కపొంటి
ఆరు గుంటల జాగ, కిరాయిది.
వంచిన ఇనుప పైపులు, మీద తెల్ల ప్లాస్టిక్ కవరు,
దానికి రెండు అతుకులు. కోతుల పని.
బోర్డు మీద గ్రీన్‌హౌస్ అని రాయించినం.
లోపలికి రావాలంటె ఎవరైనా మెడ వంచాల్సిందే.

దసరా ఎల్లినంక విత్తనం పెడత.
పెటూనియా గింజ జూసిన్రా ఎప్పుడన్న?
నశ్యం లెక్కుంటది.
ఫ్యాను బందు జెయ్యాలె, ఊపిరి బిగవట్టాలె,
అగ్గిపుల్ల కొస తడిజేసి
ఒక్కొక్కటే అద్ది
కొబ్బరిపీచు గుంతల్ల దించాలె.
మన్ను కప్పొద్దు. వెలుగు తాకకుంటె లేవదది.
జరీనా లెక్కవెడతది, నేను దించుత,
తుమ్మొస్తె ఇద్దరం బయటికి ఉరుకుతం.

జనవరి ఆఖర్ల కార్లు ఆగుడు షురువైతది.
అందరి చెయ్యి పూసిన దాని మీదికే.
పూసింది ఇంటికివొయ్యి అలుగుతది,
మొగ్గది దీస్కపోండ్రి అంట.
కుండీ బోర్లించి వేర్లు జూపిస్త,
తెల్లగ, సేమ్యాల లెక్క ఉండాలె.
ఎండ ఎటుదిక్కు కెల్లి వస్తదని అడుగుత.
ఒకామె ఫోన్ల దిక్సూచి తెరిచింది.
ఒకాయన పదహారో అంతస్తు అన్నడు.
ఒక చిన్నపిల్ల డయాంతస్ జూసి
"దీని అంచులు ఎవరు కత్తిరించిన్రు?" అంది.
జరీనా నా దిక్కు వేలు జూపింది.

ఈయేడు నవంబర్ల తుఫాను వాన.
అతుకు ఊడి నీళ్లు దుంకి
ఒక ట్రేల పేరు పుల్ల కొట్టుకపోయింది.
మొలకలైతె బతికినయి, కుండీలకు మార్చినం,
దెబ్బతిన్నయి గద, మొగ్గకు ఆలస్యం జేసినయి.
"గులాబిదేనా? గ్యారంటీనా?"
తెల్వదన్న.
నలభై రూపాలది ఇరవై జేసిన.
అయినా గంతే.

గప్పుడొచ్చిండు హన్మప్ప.
నారాయణపేట దిక్కు మనిషి, ఎదురు అపార్ట్‌మెంట్ల
రాత్రి వాచ్‌మన్. చేతిల పాత పెయింటు డబ్బా,
అడుగున మొలతోని పొక్కలు గొట్టుకొచ్చిండు.
"రంగు పగటోళ్లకమ్మా.
నాకు రాత్రిపూట వాసనిచ్చేది గావాలె."

పన్నెండేండ్ల సంది అమ్ముతున్న
గీ మాట ఒక్కరూ అడగలే.
పెటూనియాకు వాసన ఏడిదని అనబోయి ఆగిన.
ఆరింటికి తాళమేసి పోయేదాన్ని,
చీకట్ల అవి ఏంజేస్తయో నాకేం ఎరుక?

పేరులేని వాట్ల ఒక్క మొగ్గ
ఆ పొద్దే మడత ఇప్పుకోబట్టె.
బల్బు వెయ్యొద్దన్నడు.
బోర్లించిన తొట్ల మీద కూసున్నం ఇద్దరం.
అవుటర్ రింగు మీద లారీలు.
అతుకు సందుల కెల్లి గాలి.
మొగ్గ ఉన్న జాగ గూడ కనవడుత లేదు.
"వచ్చింది" అన్నడు.
నాకు రాలే. పొద్దటి సంది మందులు పిచికారి జేసిన ముక్కు.
ఇంకింత సేపటికి, నేను లేవబోతుంటె,
సన్నగ, లవంగం నమిలినోళ్లు
పక్కకెల్లి పోయినట్టు.

ఉగాది దాకనే బతుకుతది,
ఏప్రిల్ ఎండకు ఆగదని చెప్పిన. అందరికీ చెప్త.
"నా కాంట్రాక్టు గూడ గంతవరకే" అన్నడు.
పూసింది వద్దని, మొగ్గలవి మూడు ఏరుకున్నడు,
నేను జెప్పకముందే కుండీ బోర్లించి వేర్లు జూసిండు.
అరవైకి యాభై ఇచ్చిండు. పది రేపంట.

తెల్లారి జూస్తె ఆ పువ్వు తెలుపు.
గొంతుల ఊదా గీతలు.
కొత్త పుల్ల దీసి పెన్ను మూత ఇప్పిన,
మల్ల పెట్టిన.
"ఏం రాయాలె అక్కా?" అన్నది జరీనా.
మాపటిదాక ఉంటవా అన్న.